కంచం ముందు పెట్టుకుని వినడం

అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం మావయ్యని వెంటబెట్టుకుని న్యూయార్క్ నగరం మన్‌హాటన్‌లో భోజనం చేస్తూ కచేరీ వినే ఒక చిన్న సప్పర్ క్లబ్‌కి జాజ్ వినడానికి వెళ్లాను. రెండో పాట మొదలయ్యే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫోటోలో ముందు నా ప్లేటు, అన్నం మీద వేయించిన పుట్టగొడుగులు, వాటి వెనక ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో డ్రమ్స్ వాయించే ఆయన. తెనాలిలో అప్పటికి తెల్లవారుజామున ఐదు కావస్తోంది. పెద్దమ్మ ఆ వేళకే లేచి స్నానం చేసేసి ఉంటుంది. రెండు నిమిషాల్లో మెసేజ్ పెట్టింది. "మీరు తింటూ ఉంటే వాళ్లు వాయిస్తున్నారా? వాళ్లకి కష్టంగా ఉండదుటే?"

పెద్దమ్మ వీణ నేర్చుకున్న మనిషి. దెప్పడానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాకు జవాబు తోచక ఫోన్ బ్యాగులో పెట్టేశాను. మూడు వారాలయింది, ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు.

మొదట్లో నేనూ ఆవిడ పక్షమే. అమ్మమ్మ వాళ్లింట్లో వీణ వైపు కాళ్లు చాపి కూర్చుంటే కసిరేవారు. పొరపాటున కాలు తగిలితే చేత్తో తాకి కళ్లకద్దుకునేవాళ్లం. ఎవరైనా పాడుతున్నప్పుడు నోట్లో వక్కపలుకు ఉంటే బయటికి వెళ్లి ఉమ్మేసి రావాల్సిందే. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, ఒక మనిషి చెమటలు కక్కుతూ వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని అన్నం తినడం నాకూ ఇబ్బందిగానే ఉండేది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. తింటూ వినడంలో అవమానం ఏమీ లేదని గట్టిగా అనిపిస్తోంది. కళాకారుడికి అవమానం జరిగే చోట్లు నిజంగానే ఉన్నాయి, వాటిని వదిలేసి మనం కంచాన్ని తప్పుపడుతున్నాం.

ముప్పై రెండు

ఆ క్లబ్బు గది పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. డెబ్బై మందికి మించి పట్టరు. స్టేజీ నేల కంటే ఒక అడుగు ఎత్తు, అంతే. మనిషికి 45 డాలర్లు మ్యూజిక్ ఛార్జి. దాని మీద కనీసం 25 డాలర్లకి తినడానికో తాగడానికో ఏదైనా తీసుకోవాలి. రాత్రికి రెండు సెట్లు, అంటే రెండు విడివిడి కచేరీలు, ఏడింటికి ఒకటి, తొమ్మిదింటికి ఒకటి. ఆ రోజు వాయించింది నలుగురు. టెనర్ సాక్సోఫోన్, పియానో, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీ వాద్యం), డ్రమ్స్.

మావయ్య మృదంగం మనిషి. ఉద్యోగం గవర్నమెంటులో చేశాడు గానీ, ముప్పై ఏళ్ల పాటు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో శ్రీరామనవమి పందిళ్లలో, గుళ్లలో, చిన్న సభల్లో పక్కవాద్యం వాయించాడు. జాజ్ అంతకుముందు ఎప్పుడూ కూర్చుని వినలేదు. మొదటి పాటంతా ఆయన తలెత్తలేదు. ఒళ్లో పరుచుకున్న గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. సాక్సోఫోన్ ఆయన సోలో రెండో చుట్టు పూర్తయ్యేసరికి నా వైపు వంగి "ముప్పై రెండు" అన్నాడు. "ఎనిమిదేసి చొప్పున నాలుగు సార్లు. మొదటిది, రెండోది, నాలుగోది ఒకటే. మూడోదానికి మాత్రం పక్కింటికి వెళ్లొస్తున్నాడు."

సరిగ్గా అదే. ఏఏబీఏ అని జాజ్ వాళ్లు పిలిచే ముప్పై రెండు బార్ల (తాళం కొలతల) చట్రం అది. కొన్ని వందల పాటలు దాని మీదే నడుస్తాయి. ముందు అందరూ కలిసి పాట వినిపిస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కరూ అదే చట్రం మీద అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయిస్తారు. ఎంత దూరం పోయినా ఆ ముప్పై రెండూ లోపల తిరుగుతూనే ఉంటాయి. నాకు ఇది చెవికి పట్టడానికి ఏడాది పట్టింది. మావయ్యకి పది నిమిషాలు. ఆ తర్వాత ప్రతి చుట్టు చివరా, సమం, అంటే చుట్టు మళ్లీ మొదలయ్యే దెబ్బ, రాబోయే ముందు, ఆయన కుడిచెయ్యి ఒక అంగుళం పైకి లేచేది.

ఇదంతా ఆ గదిలో కాబట్టి జరిగింది. రెండేళ్ల కిందట నేను ఇలాంటి బృందాన్నే రెండు వేల మంది పట్టే హాల్లో విన్నాను. అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు, ఒక్కరి ముందూ ప్లేటు లేదు. కానీ నాకు వినిపించినది స్పీకర్లు. ఇక్కడ సింబల్ మీద కర్ర తగిలినప్పుడు కంచు మోత కంటే ముందు కర్ర చప్పుడు వినబడుతుంది. పియానో ఆయన తల తిప్పి డ్రమ్స్ ఆయనకి కళ్లతో చెప్పడం కనబడుతుంది. బేస్ వాయించే ఆయన వేళ్ల కొసలకి తెల్లటి టేపు చుట్టుకుని ఉండటం మావయ్య చూసి, తన చూపుడువేలు కాయని ఒకసారి తడుముకున్నాడు. రెండు వేల మందిలో ఇది కుదరదు. డెబ్బై మందిలో కుదురుతుంది, కానీ మన్‌హాటన్‌లో డెబ్బై మంది టికెట్ల మీద ఆ గది అద్దె కట్టడం కష్టం. అందుకే దాని వెనక ఒక వంటగది ఉంది.

వాళ్లు లేవలేదు

నాలుగో పాటలో బేస్ సోలో వచ్చింది. సాక్సోఫోన్ ఆయన పక్కకి వెళ్లి నిలబడ్డాడు. పియానో ఆగిపోయింది. డ్రమ్స్ ఆయన కాలితో హైహ్యాట్ అనే జంట తాళాలు మాత్రం నొక్కుతున్నాడు. గదిలో మోత ఒక్కసారిగా తగ్గింది, అంతే, మాటలు మొదలయ్యాయి. మా వెనక టేబుల్ దగ్గర ఆరుగురు పుట్టినరోజు పార్టీకి వచ్చారు. వాళ్లలో ఒకావిడ అద్దెకి దొరికిన ఇంటి గురించి చెబుతోంది. సర్వర్ వచ్చి మా ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. బార్ దగ్గర ఎవరో ఐసు గిలక్కొట్టారు. సంగీతం ఆగిపోయింది, ఇప్పుడు మన పనులు చేసుకోవచ్చు అన్నట్టుగా ఉంది అందరి తీరూ.

నాకు కోపం వచ్చింది. వెనక్కి తిరిగి ఆవిడ వైపు గుర్రుగా చూశాను. మావయ్య నా మణికట్టు మీద చెయ్యి వేసి, "ఉండు. వాళ్లు లేవలేదు చూడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సెట్ అయ్యాక చెప్పాడు.

తని ఆవర్తనం సంగతి కచేరీలకి వెళ్లేవాళ్లకి తెలిసిందే. గంటన్నర పాటు గాత్రానికి తోడుగా ఉన్న మృదంగం ఆయనకి, ఆయనకంటూ దొరికేది ఆ పది పదిహేను నిమిషాలు. సరిగ్గా అప్పుడే జనం లేస్తారు. మద్రాసు డిసెంబరు సీజన్‌లో అయితే క్యాంటీన్‌కి, మన ఊళ్లలో అయితే కాఫీకో, గాలి కోసమో. మావయ్య ముప్పై ఏళ్లు ఆ లేవడం చూశాడు. "మొదట్లో తల వంచుకుని వాయించేవాణ్ణి. తర్వాత అలవాటైంది. వెనక వరసలో ఎవరో ఒక ముసలాయన తాళం వేస్తూ కనబడతాడు, ఆయన కోసం వాయించేవాణ్ణి" అన్నాడు. ఆ హాళ్లలో ఎవరి ముందూ ప్లేటు లేదు. చెప్పులు బయట విడిచి వచ్చారు. భక్తిగానే కూర్చున్నారు. అయినా ఆయన వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ.

ఇక్కడ బేస్ ఆయన వంతు వచ్చినప్పుడు మాట్లాడారు, నిజమే. కానీ కంచం ముందు పెట్టుకున్న మనిషి లేచిపోలేదు. ఇష్టం ఉన్నా లేకపోయినా అక్కడే ఉన్నాడు, చెవుల్లో ఎంతో కొంత పడింది. సోలో మధ్యలో బేస్ ఆయన ఒక చిన్న ముక్కని పట్టుకుని దాన్నే మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఒక మాత్ర ముందుకి జరుపుతూ వాయించడం మొదలుపెట్టాడు. ఇంటి గురించి చెబుతున్న ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. ఎందుకు ఆపిందో ఆవిడకే తెలియకపోవచ్చు. నేను చూస్తూనే ఉన్నాను, సోలో అయ్యేదాకా మళ్లీ మొదలుపెట్టలేదు. క్యాంటీన్‌కి వెళ్లిన మనిషికి అలా మాట మధ్యలో ఆగే అవకాశం ఉండదు.

నన్ను పూర్తిగా ఒప్పించినది ఇదే. ఆకలి తీరుతున్న మనిషి కదలడు. ఆ కదలకపోవడం కళాకారుడికి పనికొస్తుంది.

చప్పుడు వేరు, మాట వేరు

అయినా నాకు అనుమానాలు ఉన్నాయి. చప్పుడు మీద నా పక్షాన నిలబడని పెద్దవాళ్లు ఉన్నారు మరి. చార్లెస్ మింగస్ 1960 అక్టోబరులో స్టూడియోలో ఒక రికార్డు చేశాడు. ఎదురుగా శ్రోతలు లేరు. అయినా క్లబ్బులో ఉన్నట్టే ఊహించుకుని, చప్పట్లు కొట్టొద్దనీ, గ్లాసుల్లో ఐసు గలగలలాడించొద్దనీ, గల్లాపెట్టె మోగించొద్దనీ ముందుగా చెప్పి మరీ వాయించాడు. ఆయన బేస్ వాద్యకారుడు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో మావయ్యకి విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

దీనికి ఎదురుగా ఇంకో రికార్డు పెడతాను. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ త్రయం. పియానో పక్కన గ్లాసులు తగులుకోవడం, జనం గుసగుసలు, ఎవరో నవ్వడం అన్నీ అందులో వినబడతాయి. బేస్ వాయించిన స్కాట్ లఫారోకి 25 ఏళ్లు. పదకొండు రోజుల తర్వాత కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ రోజు అక్కడ కూర్చుని గ్లాసు ఎత్తినవాళ్లకి అది తెలిసే వీల్లేదు. నేను ఆ రికార్డు ఎన్నో సార్లు విన్నాను. గ్లాసుల చప్పుడు తీసేసి వినిపిస్తామంటే నాకు వద్దు. అది ఉండబట్టే అది ఒక మామూలు ఆదివారమని, ఆ అబ్బాయి బతికి ఉండగా వాయించాడని నాకు నమ్మకం కలుగుతుంది.

వాన్‌గార్డ్ మాట వచ్చింది కాబట్టి, నా వాదానికి అన్నిటికంటే గట్టి అడ్డు అదే. 1935 నుంచి ఉన్న ఆ నేలమాళిగలో ఇప్పుడు భోజనం పెట్టరు. వంటగది అని పేరున్న గది ఉంది, అందులో వంట లేదు. సెట్‌కీ సెట్‌కీ మధ్య వాద్యకారులు అక్కడ కూర్చుంటారు. నేను రెండు సార్లు వెళ్లాను, రెండు సార్లూ గది ఊపిరి బిగబట్టి విన్నది. భోజనం లేకుండా ఇంత బాగా జరుగుతుంటే, నువ్వు భోజనాన్ని ఎందుకు వెనకేసుకొస్తున్నావు అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. నాకు తోచిన జవాబు ఒక్కటే. ఆ గదికి తొంభై ఏళ్ల పేరుంది. జపాన్ నుంచి, జర్మనీ నుంచి ఆ పేరు కోసమే వస్తారు. ఆ పేరు లేని చిన్న గదికి ఈ రాత్రి ఎవరు రావాలి? పుట్టినరోజు పార్టీ ఆరుగురూ రావాలి. వాళ్లు జాజ్ కోసం రాలేదు, కేకు కోసం వచ్చారు. వాళ్లని తోలేస్తే ఆ ఒక్క క్షణం కూడా ఉండదు, ఆవిడ మాట మధ్యలో ఆగిన క్షణం.

అందుకని మాటల్ని మన్నించేయాలని నేను అనడం లేదు. బయటికి వచ్చేటప్పుడు బేస్ ఆయన వాద్యాన్ని పక్కకి వాల్చి పెడుతున్నాడు. మీ సోలోలో అంతా మాట్లాడారు, నాకు బాధనిపించింది అన్నాను. ఆయన నవ్వి, ప్లేట్ల చప్పుడు తనకి వినబడదనీ, వాన లాగా పక్కన పడుతూ ఉంటుందనీ అన్నాడు. మాటలతోనే చిక్కు. "వాళ్లేం చెప్పుకుంటున్నారో నాకు అర్థమవుతుంది కదా. ఇవాళ ఎవరికో మంచి ఇల్లు దొరికింది" అన్నాడు.

చప్పుడు, మాట ఒకటి కాదు. చెంచా చప్పుడులో అర్థం లేదు కాబట్టి అది సంగీతానికి అడ్డం రాదు. మాట వస్తుంది. మరి ఆ తేడా తెలిసినప్పుడు క్లబ్బు నడిపేవాళ్లు ఏం చెయ్యొచ్చు అనేదానికి కొత్తగా ఆలోచించక్కర్లేదు, 1939లోనే చేసి చూపించారు. గ్రీనిచ్ విలేజ్‌లో కెఫే సొసైటీ అనే క్లబ్బు ఉండేది. చెప్పుల వ్యాపారం చేసిన బార్నీ జోసెఫ్‌సన్ 1938 చివర్లో తెరిచాడు. అక్కడ గాయని బిల్లీ హాలిడే నల్లవాళ్లని చెట్లకి వేలాడదీసి చంపడం గురించిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాట పాడే ముందు సర్వర్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవాళ్లు. ఒక్క ఆర్డర్ తీసుకునేవాళ్లు కాదు, ఒక్క గ్లాసు పెట్టేవాళ్లు కాదు. దీపాలన్నీ ఆర్పి ఆవిడ ముఖం మీద మాత్రం ఒక వెలుగు ఉంచేవాళ్లు. టేబుళ్లు ఉన్నాయి, గ్లాసులు ఉన్నాయి, జనం అదే జనం. సర్వర్ కదలకపోయేసరికి వాళ్లూ ఊరుకున్నారు.

నేను కోరేది అంత పెద్దది కూడా కాదు. బేస్ సోలో మూడు నిమిషాలుంటుంది. ఆ మూడు నిమిషాలు ప్లేట్లు తియ్యకండి. ఐసు ఆపండి. ఇంకొకటి, చివరి పాటలో బిల్లు తేవొద్దు. మా సెట్ ఆఖరున చాలా నెమ్మదైన పాట ఒకటి వాయించారు, డ్రమ్స్ మీద కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లతో. సరిగ్గా అప్పుడు టేబుల్ టేబుల్‌కీ బిల్లులు వచ్చాయి, కార్డు మెషిన్లు కీచుమన్నాయి. తొమ్మిదింటి సెట్‌కి బయట లైనులో జనం ఉన్నారు, గది ఖాళీ చేయించాలి, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఒక్క పాట ముందు తెచ్చినా అదే డబ్బు వస్తుంది.

నిశ్శబ్దం కావాలంటున్నానని, అందరూ బిగుసుకుని కూర్చోవాలని కాదు. సోలో అయ్యాక చప్పట్లు కొట్టాలి. బాగున్నప్పుడు అరవాలి. మన సభల్లో ఆహా, భేష్ అనేవాళ్లు ఉండబట్టే పాడేవాళ్లకి ఊపు వస్తుంది. ఆ రాత్రి సాక్సోఫోన్, డ్రమ్స్ నాలుగేసి బార్లు పంచుకుని వాయించుకున్నప్పుడు, మృదంగం, ఘటం తనిలో ఒకరి తర్వాత ఒకరు అందుకున్నట్టు, మావయ్య గట్టిగా "శభాష్" అన్నాడు. డ్రమ్స్ ఆయనకి మాట తెలియదు, తల మాత్రం ఊపాడు.

ఆఖరి బంతి

పెద్దమ్మ ప్రశ్నలో ఇంకో పొర ఉంది. అది నాకు ఆలస్యంగా అర్థమైంది. వాళ్లకి కష్టంగా ఉండదా అంది, సంగీతానికి అని కాదు.

న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ సంగతి జాజ్ వాళ్లందరికీ తెలిసిందే. జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ 1927 చివరి నుంచి 1931 దాకా అక్కడ వాయించాడు. ఆయన పేరు దేశమంతా రేడియోలో మారుమోగింది అక్కడి నుంచే. వేదిక మీద ఉన్నవాళ్లు నల్లవాళ్లు, వడ్డించేవాళ్లు నల్లవాళ్లు. టేబుల్ దగ్గర కూర్చుని తినేవాళ్లు మాత్రం తెల్లవాళ్లే. తనలాంటి నల్లవాళ్లని వినడానికి మామూలుగా లోపలికి రానివ్వని చోట ఎలింగ్టన్ మూడేళ్లకు పైగా వాయించాడు. కెఫే సొసైటీ పేరు ఇవాళ్టికీ చెప్పుకుంటున్నామంటే, సర్వర్లు ఆగడం ఒక్కటే కారణం కాదు. అక్కడ ఎవరైనా, ఏ రంగు వాళ్లైనా, ఏ టేబుల్ దగ్గరైనా కూర్చోవచ్చు.

ఈ సంగతి రాస్తుంటే నాకు మా ఊరే గుర్తొస్తోంది. 2009లో తెనాలిలో నా పెళ్లి. సన్నాయి మేళం నలుగురు, ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు. తెల్లవారుజామున ఐదింటి నుంచి వాయించారు. భోజనాల వేళ పెద్దాయన తోడి రాగం అందుకున్నాడు. మూడు వందల మంది తింటున్నారు, వడ్డన వాళ్లు పప్పు పప్పు అని అరుస్తున్నారు. వింటున్నది మావయ్య ఒక్కడే, స్తంభానికి ఆనుకుని, చేతిలో గ్లాసుతో. ఆయన చెప్పాకే నాకు తెలిసింది, అది అరగంట సేపు సాగిందట. ఆ నలుగురికీ భోజనం పెట్టింది ఆఖరి బంతిలో, మూడు దాటాక. అప్పటికి బూరెలు అయిపోయాయి. పులిహోర అడుగు మిగిలింది. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఎప్పుడూ అలాగే చేస్తారు కాబట్టి అలాగే చేశాం. మేళం వాళ్లు ముందు తినాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, వీణకి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో.

మనం తింటుండగా ఆయన తోడి వాయించడం తప్పు కాదు. ఆ తోడి గోలలో పోయినందుకు బాధ ఉంది, కానీ ఆయన ఆకలితో వాయించడం ముందు అది చిన్న బాధ. పెద్దమ్మకి నేను చెప్పాల్సిన జవాబు ఇక్కడే ఉందని అనుకుంటున్నాను.

మా సెట్ అయ్యాక, రెండోది మొదలయ్యే లోపు, బయటికి వచ్చే ముందు మావయ్య చూస్తూ కూర్చున్నది కూడా ఇదే. నేను పాటల గురించి ఏదో చెబుతున్నాను, ఆయన చూపు బార్ చివర ఉంది. డ్రమ్స్ ఆయనకి అక్కడ ఎత్తు స్టూలు మీద ప్లేటు పెట్టారు. క్లబ్బు వాళ్లు పెట్టే భోజనమే, మేము తిన్నదే. ఒకరు వచ్చి పలకరించారు, ఇంకొకరు సీడీ మీద సంతకం అడిగారు, మైకు ఏదో సరిచెయ్యాలని పిలిచారు. తిరిగి వచ్చేసరికి ప్లేటు తీసేశారు. "సగం కూడా తినలేదు" అన్నాడు మావయ్య. తాను ఏ కచేరీకీ ముందు తిని ఎరగననీ, అయ్యాక తిందామంటే ఊళ్లో హోటళ్లు కట్టేసి ఉండేవనీ చెప్పాడు. ఇవన్నీ ఆయన ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

డ్రమ్ముకి లైసెన్సు

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మావయ్యకి క్యాబరే చట్టం గురించి చెప్పాను. 1926లో న్యూయార్క్ నగరం తెచ్చింది. తినే చోట, తాగే చోట సంగీతం, నాట్యం ఉండాలంటే లైసెన్సు కావాలి. తర్వాత వచ్చిన సవరణలతో, లైసెన్సు లేని చోట భోజనానికి తోడుగా కాస్త సంగీతం పెట్టుకోవచ్చు, కానీ పియానో, ఆర్గన్, అకార్డియన్, గిటారు, తంత్రీ వాద్యాలు మాత్రమే, ముగ్గురికి మించకూడదు. డ్రమ్స్, ట్రంపెట్, సాక్సోఫోన్ ఉంటే కుదరదు. వాద్యాల మీద ఆ నిషేధం 1986 దాకా ఉంది. ముగ్గురే అన్న లెక్కని 1988లో కోర్టు కొట్టేసింది. చట్టం మొత్తాన్ని ఎత్తేసింది 2017లో.

"వీణకి అక్కర్లేదు, మద్దెలకి లైసెన్సా?" అన్నాడు. ఆ మాటలో ఆశ్చర్యం లేదు.

1940 నుంచి 1967 దాకా ఇంకొకటి ఉండేది. మద్యం అమ్మే చోట వాయించే ప్రతి మనిషీ పోలీసుల దగ్గర కార్డు తీసుకోవాలి. కేసు పడితే కార్డు పోతుంది. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్‌కి 1951లో పోయి 1957 దాకా తిరిగి రాలేదు. బిల్లీ హాలిడే 1947లో జైలుకి వెళ్లాక ఆవిడకి కార్డు మళ్లీ ఇవ్వలేదు. 1948 మార్చిలో కార్నెగీ హాల్లో పాడింది, టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. హాలుకి కార్డు అక్కర్లేదు. కానీ హాల్లో ఎన్ని రాత్రులు పాడగలరు? వారానికి ఆరు రాత్రులు పని దొరికేది, ఇల్లు గడిచేది చిన్న క్లబ్బుల్లో. అవి ఆవిడకి మూసుకుపోయాయి. పెద్ద హాలులో నిశ్శబ్దంగా వినడమే కళకి గౌరవమని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తుంది. ఆ గౌరవం ఆవిడకి దక్కింది. బతకడానికి అది చాలలేదు.

2020 ఆగస్టులో, కోవిడ్ రోజుల్లో, న్యూయార్క్ రాష్ట్ర మద్యం శాఖ వాళ్లు రెస్టారెంట్లలో సంగీతం భోజనానికి అనుబంధంగా మాత్రమే ఉండాలన్నారు, టికెట్ పెట్టి, ప్రకటించి కచేరీ చెయ్యకూడదన్నారు. జనం గుమిగూడకూడదనే వాళ్ల ఉద్దేశం, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ అనుబంధం అన్న మాట చదివినప్పుడు ఒళ్లు మండింది. వంద ఏళ్లుగా చట్టానికి సంగీతం పచ్చడి లాంటిది, అన్నం పక్కన ఉంటే ఉండొచ్చు. ఆ ఏడాది డిసెంబరులో కింద జాజ్, పైన బార్బెక్యూ వంటగది ఉన్న జాజ్ స్టాండర్డ్ శాశ్వతంగా మూతపడింది. నేను ఈ దేశం వచ్చాక మొట్టమొదట జాజ్ విన్నది అక్కడే. ఆ రోజు ఏం తిన్నానో కూడా గుర్తుంది, మొక్కజొన్న రొట్టె.

పెద్దమ్మకి చివరికి నిన్న ఫోన్ చేశాను. ఇదంతా చెప్పలేదు. మేము తిన్నదే వాళ్లకీ పెట్టారని, డ్రమ్స్ ఆయన సగం తిని వెళ్లాల్సి వచ్చిందని చెప్పాను. కాసేపు ఆగి, "మరి అయ్యాక తిన్నాడా?" అంది. అది నేను చూడలేదు.

మావయ్య తిరుగు ప్రయాణం డిసెంబరు 20న. అంతకుముందు ఒక గురువారానికి రెండో సెట్ బుక్ చేశాను, బేస్ వైపు టేబుల్ అడిగి మరీ. వంటలన్నీ మొదటి పాట లోపలే తెచ్చెయ్యమన్నాను, బిల్లు చివరి పాటకి ముందే ఇచ్చెయ్యమన్నాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి నోట్ చేసుకుంటానంది. బేస్ సోలో సంగతి కూడా చెప్పాను. అది ఎక్కడ రాయాలో తెలియడం లేదు, వచ్చిన రోజు సర్వర్‌కే చెప్పండి అంది.